కింది పొర దాకా దువ్వెన దిగుతోందా?

కిటికీ దగ్గర నల్ల అట్ట మీద మా మల్లి వెంట్రుకలు రెండు పక్కపక్కన పెట్టాను. మల్లి తెల్లని ఇండియన్ స్పిట్జ్. మన ఊళ్లలో పామరేనియన్ అనో బొచ్చు కుక్క అనో పిలిచేది ఎక్కువగా ఈ జాతినే. మొదటి వెంట్రుక నిటారుగా, కొంచెం బిరుసుగా ఉంది. రెండోది పొడవులో దానికి సగం కూడా లేదు. అలలు తిరిగి, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత తేలికగా, ఏకిన దూదిలోంచి లాగిన పోగులా ఉంది. రెండూ దాని మెడ మీద ఒకే చోటి నుంచి వచ్చాయి.

కుక్కకు దువ్వెన కొనడానికి వెళ్లి, దుకాణం గోడకు వేలాడే పాతిక రకాలు చూసి తికమకపడేవారికి ముందుగా ఈ రెండు వెంట్రుకలను చూపించాలని నాకు అనిపిస్తుంది. ఒక పనిముట్టు ఈ రెండింటిలో దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది, దేన్ని తెంపేస్తుంది? ఎంపిక అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. జాతి పేరు, పెట్టె మీది బొమ్మ, ధర అన్నీ దాని తర్వాతే.

బిరుసు వెంట్రుకలది పై పొర. వీటిని గార్డ్ హెయిర్ అంటారు. దూది లాంటివి కింది పొర, అంటే అండర్‌కోట్. కుక్క చర్మంలో ఒకే రంధ్రం గుండా ఒక బిరుసు వెంట్రుక, దాని చుట్టూ ఐదు నుంచి ఇరవై దాకా సన్నవి బయటికి వస్తాయి. పై పొర వాన నీటిని జార్చేస్తుంది, ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది. కింది పొర తన పోగుల మధ్య గాలిని నిలిపి ఉంచుతుంది. కదలని గాలి వేడిని తొందరగా దాటనివ్వదు కాబట్టి చలిలో ఒంటి వెచ్చదనం లోపలే ఉంటుంది. సైబీరియా ఈశాన్యపు కొసన చుక్చీ ప్రజలు మంచు బండ్లు లాగడానికి పెంచిన కుక్కల సంతతి హస్కీకి ఈ పొర ఎందుకు అంత దట్టమో ఊహించడం కష్టం కాదు. లాబ్రడార్ సంగతే చాలామందికి తెలియదు. పొట్టి జుట్టు కదా, దీనికి దువ్వెన ఎందుకులే అనుకుంటారు. న్యూఫౌండ్‌లాండ్ చల్లని సముద్రంలో జాలర్ల వెంట ఈదిన కుక్కల వంశం అది. దాని పొట్టి జుట్టు కిందా దట్టమైన రెండో పొర ఉంటుంది. సోఫా మీద, నల్ల ప్యాంటు మీద కనిపించేది చాలావరకు ఆ పొరే.

ఇక్కడ ఒక పాత బాధ చెప్పక తప్పదు. మల్లికి మూడేళ్లప్పుడు, విజయవాడలో మే నెల ఎండలు మండిపోతున్న రోజుల్లో, జుట్టు మొత్తం తీయిస్తే దానికి హాయిగా ఉంటుందని ఒక గ్రూమింగ్ దుకాణంలో చెప్పారు. నేనూ నమ్మాను. మెషిన్‌తో చర్మం కనిపించేలా తీసేశారు. ఆ సాయంత్రం అది మంచం కిందికి దూరి బయటికి రాలేదు. వర్షాకాలం వచ్చింది, చలికాలం వచ్చింది, వీపు మీద, తోక మొదట్లో జుట్టు మాత్రం సరిగా రాలేదు. ముందు దూది పొర మొలిచింది. బిరుసు వెంట్రుకలు అక్కడొకటి ఇక్కడొకటి. అడ్డుగా పై పొర లేకపోవడంతో ఆ దూది రోజూ జడలు కట్టేది. మళ్లీ మామూలు రూపు రావడానికి ఏడాదిన్నర పట్టింది.

ఇలా జరగడానికి కారణం వెంట్రుక జీవితచక్రంలో ఉంది. పూడుల్ లాంటి కుక్కల వెంట్రుక మన తల వెంట్రుకలాగే ఎక్కువ కాలం పెరుగుతూ ఉంటుంది. కత్తిరిస్తే మళ్లీ పెరుగుతుంది, కత్తిరించకపోతే పొడవైపోతుంది. స్పిట్జ్, హస్కీ, చౌచౌ వంటి జాతుల్లో వెంట్రుక తన పొడవు తాను అందుకోగానే ఎదుగుదల ఆపేసి, రాలకుండా చాలాకాలం విశ్రాంతిగా ఉంటుంది. ఆ దశలో దాన్ని మొదలంటా కత్తిరిస్తే, కింద కొత్తది మొలవడం మొదలయ్యేదాకా అక్కడ ఏమీ కదలదు. అన్ని కుక్కలకూ ఇలా కాదు, కొన్నింటికి మూడు నాలుగు నెలల్లో వచ్చేస్తుంది. దేనికి వస్తుందో దేనికి రాదో ముందుగా చెప్పగలిగిన వారు లేరు. వైద్యం కోసమో, విడదీయలేనంతగా జడలు కట్టినప్పుడో తప్ప ఈ జుట్టును గొరగకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మరి ఎండ మాటేమిటి? కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు. రొప్పుతూ, నాలుక మీది తడిని ఆవిరి చేసుకుంటూ చల్లబడుతుంది. కాబట్టి ఒంటి మీది జుట్టు తీసేస్తే మనకు చొక్కా విప్పినంత సుఖం దానికి కలగదు. కోస్తాలో తాటాకు ఇల్లు ఎరిగినవారికి పై పొర చేసే పని సులభంగా అర్థమవుతుంది. ఆకు వరస సరిగా ఉండి, లోపల గాలి ఆడుతుంటే ఎండ కిందికి దిగదు. కుళ్లిన ఆకు పేరుకుని ముద్దకడితే ఉక్కపోత. కుక్క ఒంటి మీద ఆ కుళ్లిన ఆకు ఏమిటంటే, రాలిపోయి కూడా బయటికి రాలేక పై పొరలో చిక్కుకున్న కింది పొర. తీయవలసింది దాన్నే. ఇంత చేసినా హస్కీని మే నెల మధ్యాహ్నం బయట తిప్పకూడదు. ఏ దువ్వెనా మన ఎండను దానికి అనువుగా మార్చలేదు.

ఈ రాలడానికీ ఒక లెక్క ఉంది. పగటి పొడవు మారడాన్ని బట్టి కుక్క ఒళ్లు జుట్టు మార్చుకుంటుంది. ఉత్తర దేశాల్లో వేసవికీ శీతాకాలానికీ పగటి పొడవులో చాలా తేడా ఉంటుంది కాబట్టి వసంతంలో, శరత్తులో రెండు మూడు వారాలపాటు కుప్పలు కుప్పలుగా రాలుతుంది. విజయవాడలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు రెండు గంటలే. పైగా రాత్రి పది దాకా ఇంట్లో ట్యూబులైట్లు వెలుగుతూనే ఉంటాయి. అందుకే మన ఇళ్లలోని కుక్కలు కొంచెం కొంచెంగా ఏడాదంతా రాలుస్తాయి, మధ్యలో ఒకటి రెండు సార్లు ఉధృతంగా రాలుస్తాయి. విదేశీ పుస్తకాలు చెప్పే రెండు కాలాల పద్ధతిని నమ్ముకుని మిగతా నెలల్లో దువ్వెన పక్కన పెడితే, సరిగ్గా ఆ నెలల్లోనే జడలు కడతాయి.

ఇక పనిముట్లు. చేయవలసిన పనులు మూడు: రాలిన కింది పొరను బయటికి తేవడం, చిక్కు విడదీయడం, పని నిజంగా పూర్తయిందో లేదో చూడడం. ఒకే పనిముట్టు మూడూ చేస్తుందని చెప్పి అమ్మేవి ఉన్నాయి. నేను చూసినంతలో అలాంటిది లేదు.

మూడో పనితోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని అందరూ వదిలేస్తారు. ముందుగా కొనవలసింది స్టీలు దువ్వెన. ఒక సగం పళ్లు ఎడంగా, రెండో సగం దగ్గరగా ఉండేది. ప్లాస్టిక్ దువ్వెన పళ్లు దట్టమైన జుట్టులో వంగిపోతాయి, దానికి తోడు స్థిర విద్యుత్తు పుట్టి వెంట్రుకలు లేచి నిలబడతాయి. స్టీలు దువ్వెన పళ్ల మొనలు గుండ్రంగా ఉన్నాయో లేదో మోచేతి లోపలి వైపు గీసుకుని చూడండి. గీత ఎర్రగా నిలిస్తే వద్దు. మన చర్మం పైపొర కంటే కుక్క చర్మం పైపొర చాలా పలుచన. మనకు గరుకుగా అనిపించింది దానికి గాయమే అవుతుంది.

ఈ దువ్వెన దువ్వడానికి కాదు, పరీక్షించడానికి. ఎడం పళ్ల వైపు చర్మం తగిలేదాకా దించి, మెల్లగా బయటికి లాగాలి. ఎక్కడా ఆగకుండా వస్తే ఆ చోట పని అయిపోయినట్టు. ఆగితే కాలేదు. పైకి పట్టులా మెరిసే కుక్కను చెవి వెనక ఇలా పరీక్షిస్తే, దువ్వెన అర అంగుళం కూడా దిగకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. రోజూ బ్రష్ చేస్తున్నామని యజమానులు చెప్పేది అబద్ధం కాదు. బ్రష్ పై పొర మీదే జారిపోతోంది. కింద కంబళి ముక్క తయారవుతోంది.

అంటే ఏ పనిముట్టుకైనా పంటి పొడవే ప్రాణం. పొడవు తెలుసుకోవడానికి మొద్దు కొస ఉన్న ఐస్‌క్రీం పుల్ల చాలు. మెడ వెనక జుట్టును రెండుగా చీల్చి, పుల్లను చర్మం మీద నిలబెట్టి, దూది పొర ఎంతవరకు వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. తొడల వెనక, వీపు మీద కూడా అలాగే కొలవండి. మల్లికి వీపు మీద రెండు సెంటీమీటర్లు, మెడ దగ్గర మూడున్నర వచ్చింది. కొనబోయే రేక్, అంటే కింది పొరను లాగే పళ్ల గొర్రు, దాని పన్ను ఎక్కువ లోతు వచ్చిన గీతను దాటాలి. ఈ ఒక్క కొలతతో దుకాణంలోని సగం సరుకు మనకు పనికిరాదని తేలిపోతుంది.

రేక్ అంటే పొలంలో గడ్డి లాగే పళ్ల గొర్రును చేతి సైజుకు కుదించినట్టుంటుంది. ఒక వరసలోనో రెండు వరసల్లోనో ఎడమెడంగా లోహపు పళ్లు ఉంటాయి. మొదటి పనికి, అంటే రాలిన కింది పొరను బయటికి తేవడానికి ఇంతకంటే మంచిది లేదు. పన్ను తన చుట్టూ తాను తిరిగే రకమైతే జుట్టు పట్టేసినప్పుడు లాగినట్టు ఉండదు. హస్కీ, జర్మన్ షెపర్డ్‌లకు ఇదే ప్రధానం.

రేక్ పేరుతోనే ఒక ప్రమాదం పొంచి ఉంది. ఆన్‌లైన్‌లో అండర్‌కోట్ రేక్ అని వెతికితే రెండు పూర్తిగా వేరు వస్తువులు ఒకే పేరుతో కనిపిస్తాయి. ఒకదాని పళ్లు గుండ్రని కడ్డీలు. రెండోదాని పళ్లు కొడవలిలా వంగి, లోపలి అంచు పదునుగా ఉంటాయి. రెండోది నిజానికి జడలను చీల్చే కత్తి. మొదటిది వదులైన జుట్టును మాత్రమే లాగుతుంది, రెండోది వదులైనదా గట్టిగా ఉన్నదా అని చూడకుండా అడ్డం వచ్చిన ప్రతి వెంట్రుకనూ కోస్తుంది. పేరు చదవకండి, ఫొటోను పెద్దది చేసి పంటి లోపలి అంచు చూడండి.

ఇదే జాగ్రత్త డీషెడ్డింగ్ బ్లేడుకూ వర్తిస్తుంది. అడ్డంగా ఉన్న లోహపు పట్టీకి సన్నని దగ్గర దగ్గర పళ్లు, చూడడానికి మంగలి మెషిన్ బ్లేడులా ఉంటుంది. ఐదు నిమిషాల్లో నేల మీద కుక్కపిల్లంత జుట్టు పోగవుతుంది. ఆ పోగును చూసి అందరం సంతోషిస్తాం. ఆ పోగులోంచి చిటికెడు తీసి, కుక్క రంగుకు విరుద్ధమైన కాగితం మీద పరచి చూడండి. అన్నీ మెత్తగా, వంకరగా, దూది పోగుల్లా ఉంటే మంచిదే. నిటారైన బిరుసు ముక్కలు, ఒక కొస సన్నబడకుండా మొండిగా తెగినట్టున్నవి కనిపిస్తే అది పై పొరను కోస్తోందన్నమాట. కొన్ని జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది, ఎందుకంటే వాటి పై పొరలో ఒక్కో వెంట్రుకలోనే ముదురు, లేత రంగులు పట్టీలుగా ఉంటాయి. లాబ్రడార్ పొట్టి జుట్టు మీద వారానికొకసారి, ఒక్కో చోట నాలుగైదు సార్లకు మించకుండా, నొక్కకుండా ఈ బ్లేడు వాడితే నాకు అభ్యంతరం లేదు. స్పిట్జ్, గోల్డెన్ రిట్రీవర్ మీద మాత్రం వాడను. పొడవాటి వెంట్రుక ఆ పట్టీ అంచు మీద వంగి తెగిపోతుంది.

చిక్కు తీసే పని స్లిక్కర్ బ్రష్‌ది. మెత్తని దిండు లాంటి అడుగులో సన్నని తీగలు, మధ్యలో కాస్త వంగి ఉంటాయి. ఇందులో ధర కంటే ముఖ్యమైనవి రెండు. దిండు నొక్కితే లోపలికి పోవాలి, గట్టిగా ఉంటే ఆ బలమంతా చర్మం మీద పడుతుంది. తీగ పొడవు రెండు సెంటీమీటర్లకు పైగా ఉంటే దట్టమైన జుట్టుకు మేలు. దుకాణాల్లో ఎక్కువగా దొరికే పొట్టి తీగల రకం పొట్టి జుట్టుకే పనికొస్తుంది. తీగల కొసలకు ప్లాస్టిక్ గుండ్లు అంటించినవి కొన్నాళ్లకు గుండు ఊడి, మిగిలిన మొన గీరుకుంటుంది. బ్రష్ పిడిని గుప్పిట బిగించి కాక, గరిటెను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకుంటే చేతి బలం దానంతట అదే తగ్గుతుంది.

మిగిలినవాటి గురించి పెద్దగా చెప్పేది లేదు. కుచ్చు బ్రష్ మెరుపుకు. రబ్బరు బ్రష్ లాబ్రడార్‌కు చాలా హాయి. దువ్వించుకోవడం అలవాటు లేని కుక్కపిల్లకు రబ్బరు చేతొడుగు మంచి ఆరంభం.

ఇవన్నీ ఉన్నా, దువ్వే పద్ధతి తెలియకపోతే పనిముట్టు దండగ. మల్లిని నేను ఎలా దువ్వుతానో చెబుతాను. నేల మీద పాత దుప్పటి పరచి, దాన్ని పక్కకు వాలి పడుకోబెడతాను. స్ప్రే సీసాలో నీళ్లు, దానిలో అరచెంచా కుక్కల కండిషనర్. పూర్తిగా ఎండిన వెంట్రుక తెగుతుంది కాబట్టి మంచు పడ్డట్టు కొంచెం చల్లుతాను. తొడ కింది భాగం నుంచి మొదలు. ఎడమ అరచేత్తో జుట్టంతా పైకి ఎత్తి పట్టుకుంటాను, అడుగున ఒక గీతలా గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది. ఆ గీత దగ్గర నుంచి వేలెడంత జుట్టును మాత్రమే కిందికి వదిలి, బ్రష్‌తో కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లమెల్లగా మొదలు దాకా వెళ్తాను. ఆ వరస అయ్యాక దువ్వెన పరీక్ష. దువ్వెన ఆగకుండా వస్తే చెయ్యి కొంచెం పైకి జరిపి మరో గీత. ఒక తొడకు పది పన్నెండు గీతలు. మొదట్లో ఒక పక్కకే గంట పట్టేది, ఇప్పుడు మొత్తం నలభై నిమిషాలు. చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో, మెడ పట్టీ కింద, తోక మొదట్లో రెట్టింపు ఓపిక కావాలి. రాపిడి ఉన్న చోటల్లా ముందుగా జడ కట్టేది అక్కడే.

జడ తగిలితే వేళ్లతో విప్పడం మొదటి ప్రయత్నం. మొదలు దగ్గర రెండు వేళ్లతో బిగించి పట్టుకుంటే చర్మం లాగదు. కత్తెర జోలికి పోవద్దని బతిమాలి చెబుతున్నాను. జడ బిగుసుకునే కొద్దీ చర్మాన్ని తనలోకి లాక్కుంటుంది. పైనుంచి చూస్తే జుట్టే అనిపించే చోట చర్మపు మడత ఉంటుంది. కత్తెర కోతకు కుట్లు పడిన కుక్కలను పశువైద్యులు తరచుగా చూస్తూనే ఉంటారు. విప్పలేని జడను మెషిన్‌తో తెలిసినవారి చేత ఆ ఒక్క చోట తీయించడమే మేలు.

స్నానానికి ముందే దువ్వాలి, తర్వాత కాదు. గొర్రె ఉన్నిని తడిపి రుద్దితే పోగులు పెనవేసుకుని గట్టిపడతాయని గొంగడి నేసేవారికి తెలుసు. జడ కట్టిన కుక్కకు షాంపూ పెట్టి రుద్దితే జరిగేదీ అదే. స్నానం తర్వాత అసలు పని ఆరబెట్టడం. జులై, ఆగస్టు తేమలో తువ్వాలుతో తుడిచి వదిలేస్తే పైన ఆరిపోతుంది, కింది పొర గంటల తరబడి తడిగానే ఉంటుంది. పశువైద్యులు హాట్ స్పాట్ అనే ఎర్రని తడి పుండ్లకు అది అనువైన చోటు. రాత్రికి లేని పుండు తెల్లవారేసరికి అరచేయంత అవుతుంది. అందుకే హస్కీ, గోల్డెన్, స్పిట్జ్ ఉన్న ఇంటికి నేను సిఫారసు చేసే ఒకే ఒక ఖరీదైన వస్తువు బ్లోయర్, అంటే పెట్ డ్రయ్యర్. అది వేడితో కాదు, గాలి వేగంతో నీటిని నెట్టేస్తుంది. గాలి తగిలిన చోట జుట్టు గుండ్రంగా విడిపోయి చర్మం కనిపిస్తుంది, వదులైన దూది కూడా మేఘంలా ఎగిరిపోతుంది. మనం తలకు వాడే హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి దట్టమైన జుట్టులో ఒకే చోట నిలిచి చర్మాన్ని కాలుస్తుంది, చల్లగాలి మీట ఉంటే దానితో సర్దుకోవచ్చు. బ్లోయర్ శబ్దానికి కుక్కలు బెదురుతాయి. మొదటి వారం దూరంగా, తక్కువ వేగంతో, తినడానికి ఏదైనా పెడుతూ అలవాటు చేయాలి. ముఖం మీదికి, చెవిలోకి ఎప్పుడూ కొట్టకూడదు.

దువ్వుతున్నప్పుడే పిడుదులు దొరుకుతాయి. కొన్ని ప్రాంతాల్లో వీటినే గోమార్లు అంటారు. దువ్వెనకు గట్టిగా గింజలా తగిలితే లాగేయకుండా ఆగి చూడండి. చర్మానికి ఆనుకుని పట్టకారుతో నిలువుగా లాగాలి. మన దగ్గర కుక్కల్లో ఎర్లిఖియా, బబేసియా జ్వరాలు వీటి వల్లే వస్తాయి. తిండి మానేసి, జ్వరంతో నీరసపడినా, ముక్కు నుంచి రక్తం కారినా ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. అలాగే రెండు పక్కలా ఒకే తీరుగా జుట్టు పలచబడడం, దురద లేకుండా బోడి మచ్చలు రావడం థైరాయిడ్ లాంటి లోపాలకు గుర్తు కావచ్చు. దానికి దువ్వెన మార్చి లాభం లేదు.

కొనుగోలుకు ఒక వరస అడిగితే ఇలా చెబుతాను. లాబ్రడార్‌కు స్టీలు దువ్వెన, రబ్బరు బ్రష్, పొట్టి పళ్ల రేక్. జర్మన్ షెపర్డ్, హస్కీలకు దువ్వెన, కొలతకు సరిపోయే రేక్, తర్వాత బ్లోయర్. గోల్డెన్‌కు దువ్వెన, స్లిక్కర్, మెడకూ తొడలకూ రేక్. స్పిట్జ్‌కు దువ్వెన, పొడవు తీగల స్లిక్కర్. ఎవరికైనా ఒక్కటి కొనే వీలే ఉంటే స్టీలు దువ్వెన.

మల్లికి ఇప్పుడు తొమ్మిదేళ్లు నిండాయి. వెనక కాళ్ల కీళ్లు పట్టేయడంతో ఒక పక్కకు ఎక్కువసేపు పడుకోలేదు. అందుకే కుడి పక్క ఉదయం, ఎడమ పక్క సాయంత్రం దువ్వుతున్నాను. తుంటి దగ్గరికి వచ్చేసరికి బ్రష్ పక్కన పెట్టి ఎడం పళ్ల దువ్వెన మాత్రమే తీసుకుంటాను. అక్కడ కండ తగ్గి ఎముక పైకి తేలింది, తీగలు గుచ్చుకుంటే కాలు వెనక్కి లాక్కుంటుంది.